అరుగు లేని ఇంటికి అతిథి వచ్చేదెలా?

బ్రహ్మచర్యాది ఆశ్రమాలు నాలుగింటికీ గృహస్థాశ్రమమే ఆధారమని ధర్మశాస్త్రాలు ముక్తకంఠంతో ఘోషిస్తున్నాయి. బ్రహ్మచారికి భిక్ష, సన్న్యాసికి ఆహారం, పితృదేవతలకు తర్పణం, పశుపక్ష్యాదులకు గ్రాసం గృహస్థుని ఇంటినుండే అందాలి. ఇంతమందిని పోషించే ఇంటిని ఎప్పటికప్పుడు బాగు చేసుకోవడం కర్తవ్యమే కాని విలాసం కాదు.

దసరా ఉత్సవాలకు రెండో మైసూరుగా పేరు పొందిన ప్రొద్దుటూరులోనూ, నారాపుర వేంకటేశ్వరస్వామి కొలువైన జమ్మలమడుగులోనూ, చీనీ తోటల పులివెందులలోనూ పండుగ కాలానికి ముందు ఏ వీధికి వెళ్లినా ఇసుక కుప్పలు, బేల్దారుల సందడి కనిపిస్తాయి. బెంగళూరులోనో, హైదరాబాదులోనో, విదేశాలలోనో ఉన్న కుమారుడు డబ్బు పంపుతాడు. సంక్రాంతికి అందరం వస్తున్నాం, ఆలోగా ఇల్లు కొత్తగా కనిపించాలని కోరుతాడు. ఆ తరువాత ఇంటి పెద్దలు పంచాంగం చూపించుకోవడానికి అర్చకుని వద్దకు వస్తారు. ఈశాన్యంలో ఏముండాలి, మెట్లు ఎటు తిరగాలి, పని ఏ రోజున మొదలుపెట్టాలి అని అడుగుతారు. పండుగనాడు ఈ ఇంట్లో ఎంతమంది కూర్చుని భోజనం చేస్తారు, రాత్రి ఎక్కడ నిద్రిస్తారు అన్నది మాత్రం ఆ సంభాషణలో రాదు. మొదట అడగవలసిన ప్రశ్న అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

వేదం కోరిన ఇల్లు

ఋగ్వేదం ఏడవ మండలంలో 54వ సూక్తం వాస్తోష్పతిని, అంటే ఇంటికి అధిదేవతను, స్తుతించేది. వసిష్ఠ మహర్షి దర్శించిన ఈ సూక్తంలో మూడే మంత్రాలున్నాయి. ఇంటిలో రోగం ఉండరాదని, రెండు కాళ్ల వారికీ నాలుగు కాళ్ల వాటికీ క్షేమం కలగాలని, తండ్రి బిడ్డలను ఆదరించినట్లు ఆ దేవత మనలను ఆదరించాలని వాటి భావం. ఆ మూడు మంత్రాలలో దిక్కుల ప్రసక్తి లేదు. ఇంటిలో నివసించే ప్రాణుల క్షేమమే వాటి ప్రార్థన.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లి అతిథిని దైవంగా చూడమన్నదని అందరూ ఎరుగుదురు. అదే ఉపనిషత్తు భృగువల్లిలో మరొక వ్రతం ఉంది. నివాసం కోరి వచ్చిన వారిని ఎవరినీ కాదనరాదు, అందుకోసం ఏ విధంగానైనా విస్తారంగా అన్నాన్ని సంపాదించి ఉంచుకోవాలి అని దాని తాత్పర్యం. దీనినిబట్టి చూస్తే ఇంటి కొలత గోడల పొడవులో లేదు, చోటిచ్చే శక్తిలో ఉంది.

మన సీమ మిద్దె

మన ప్రాంతపు పాత మిద్దెను గమనించండి. రాతి గోడలు, కొయ్య స్తంభాలు, దూలాలు, వాటిపై దంతెలు, ఆపైన చౌడు మట్టి. పైకప్పులో గవాక్షి నుండి వెలుతురు, గాలి. నేలకు జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతాల గనులనుండి వచ్చిన నాపరాళ్లు. వీధివైపు ఇరుపక్కలా అరుగులు. ఎండన పడి వచ్చిన బాటసారి ఎవరి అనుమతీ అడగకుండా ఆ అరుగుపై కూర్చునేవాడు, ఇంటివారు చెంబుతో నీళ్లిచ్చేవారు. భృగువల్లి చెప్పిన వ్రతం మన పూర్వులు రాతితో కట్టి చూపినది ఆ అరుగే.

అయినంత మాత్రాన పాతదంతా పవిత్రమని వాదించడం తగదు. వానకాలంలో మిద్దె కారితే పాత్రలు పట్టుకుని రాత్రంతా మేలుకొన్న వారికి ఆ బాధ తెలుసు. పొగచూరిన వంటిళ్లలో మన తల్లుల కళ్లు చెడిపోయాయి. కనుక కారే కప్పును మార్చండి, వంటింటికి కిటికీ పెట్టండి, నీటి వసతి కల్పించండి. శిథిలమైన ఆలయాన్ని ఉద్ధరించడం ఎంత పుణ్యమో, శిథిలమైన గృహాన్ని ఉద్ధరించడమూ అంత యోగ్యమైన కార్యమే. ఉద్ధరణ పేరిట ఏది పోగొడుతున్నామో చూసుకోవాలన్నదే విన్నపం.

నేడు మొట్టమొదట గునపం పడేది అరుగుమీదే. కారు నిలపడానికి దానిని కొట్టివేసి, ముందు ఇనుప గేటు పెడుతున్నారు. కింది భాగాన్ని దుకాణాలకు అద్దెకిచ్చి, ముసలి తల్లిదండ్రులను మేడ ఎక్కిస్తున్నారు. మోకాళ్లు సహకరించని ఆ తల్లి కిందికి దిగలేదు, ఇరుగుపొరుగు పైకి రారు. నడవలో నాపరాళ్లు తీసి, తడి తగిలితే కాలు జారే నున్నని పలకలు పరుస్తున్నారు. పండుగనాడు తలంట్లు పోసుకుని తడి కాళ్లతో నడిచేది పిల్లలు, వృద్ధులే కదా! ఇంటి విలువ పెరిగిందని సంతోషిస్తున్నాం, ఆ ఇంట్లో పెద్దవారి బ్రతుకు మాత్రం ఒక గదికి కుదించుకుపోయింది.

వాస్తు భయం వద్దు

వాస్తు శాస్త్రాన్ని తృణీకరించడం నా ఉద్దేశం కాదు. మత్స్యపురాణం పద్దెనిమిది మంది వాస్తుశాస్త్ర ఉపదేశకులను పేర్కొన్నది. వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయమే కేటాయించాడు. వీరందరూ అన్ని విషయాలలో ఏకాభిప్రాయం చూపలేదు. పెద్దలే భిన్నంగా చెప్పిన చోట, ఒక వాస్తు నిపుణుడు వచ్చి ఈ గోడ తీయకుంటే యజమానికి గండమని బెదిరించడం శాస్త్రం కాదు. ఆ మాట విని అప్పు చేసి గోడ కూల్చినవారికి వడ్డీయే గండమవుతున్నది.

ముఖ్యంగా ఒక సంగతి చెప్పాలి. వృద్ధుల గదిని ఆనుకుని మరుగుదొడ్డి కట్టడం దోషమని కొందరు ఆటంకపరుస్తున్నారు. ఎనభై ఏండ్ల తల్లిని అర్ధరాత్రి చీకటిలో పెరటికి నడిపించి, ఆమె జారిపడి తుంటి ఎముక విరిగితే ఆ దోషం ఎవరిది? రోగం లేని ఇల్లు కావాలన్న వేదమంత్రానికి ఆ సదుపాయమే అనుకూలం. పూజామందిరానికి దూరంగా, గాలి వెలుతురు వచ్చేలా, పట్టుకోవడానికి గోడకు ఊచ అమర్చి నిరభ్యంతరంగా కట్టించండి.

ముహూర్తం – ముగింపు

గృహప్రవేశం మూడు విధాలని ముహూర్త గ్రంథాలు చెబుతాయి. కొత్తగా కట్టిన ఇంటిలో ప్రవేశం అపూర్వం. యాత్ర ముగించి వచ్చి ప్రవేశించడం సపూర్వం. అగ్ని, జలం మొదలైన వాటివల్ల చెడిన ఇంటిని బాగుచేసుకుని ప్రవేశించడం ద్వంద్వం. నూతన గృహానికి మాఘ, ఫాల్గుణ, వైశాఖ, జ్యేష్ఠ మాసాలు శ్రేష్ఠమన్న ముహూర్త చింతామణి, జీర్ణగృహ విషయంలో శ్రావణ, కార్తిక, మార్గశిర మాసాలనూ అంగీకరించింది. కనుక పాత ఇంటిని బాగు చేసుకునేవారు కార్తికంలోనో, ధనుర్మాసం రాకముందు మార్గశిరంలోనో పని ముగించుకోవచ్చు. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం ప్రవేశించాక శంకుస్థాపనలు, గృహప్రవేశాలు మన ఆచారంలో లేవు. రంగులు, చిన్న మరమ్మతులు మాత్రమే అయితే పుణ్యాహవాచనం చాలు, పెద్ద ఎత్తున గృహప్రవేశం చేయనక్కరలేదు.

పని ముగియకపోతే? భోగికి రెండు రోజుల ముందే ఆపివేయండి. బేల్దారికీ, కూలివారికీ ఇళ్లున్నాయి, వారి పిల్లలూ కొత్త బట్టలకు ఎదురుచూస్తుంటారు. కూలి పూర్తిగా చెల్లించి పంపండి. ఒక గోడకు సున్నం పడలేదని పండుగ ఆగదు. సంక్రాంతినాడు మనం పెద్దలకు పెట్టుకుంటాం. తర్పణం అందుకునే పితృదేవతలు గోడ రంగు చూడరు, కర్త శ్రద్ధను చూస్తారు.

గోడ కొట్టేముందు మాట

మరొక చిక్కు ఉంది. తాతల నాటి ఇల్లు ఉమ్మడిది. ఒక సోదరుడు ఖర్చు పెట్టి బాగు చేస్తాడు. పండుగకు మిగిలినవారు వచ్చేసరికి అది అతని ఇల్లుగా మారిపోయి, వీరు అతిథులవుతారు. ఆడపడుచుల పరిస్థితి మరీ సున్నితం. 1986లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం, 2005లో కేంద్ర చట్టం ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కు కల్పించాయి. అడగకుండా చేసిన మార్పు పులిహోర వడ్డించే వేళ తగవై బయటపడుతుంది. ఆనాడు చెడిన మనసులు కలవడానికి సంవత్సరాలు పడుతుంది. అందుచేత గునపం ఎత్తేముందే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూర్చుని ఎవరి వాటా ఎంత, ఎవరి ఖర్చు ఎంత అన్నది కాగితంపై వ్రాసుకోవాలి. ఇది అపనమ్మకం కాదు, ప్రేమను కాపాడుకునే ఉపాయం.

వడ్డన ధర్మం

ఇక ఆతిథ్యం. పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ – ఈ అయిదింటి వద్ద గృహస్థునికి తెలియకుండానే ప్రాణిహింస జరుగుతుందని, ఆ దోష పరిహారానికే పంచ మహాయజ్ఞాలు ఏర్పడ్డాయని మనుస్మృతి చెబుతున్నది. వాటిలో మనుష్యయజ్ఞమంటే అతిథి పూజయే. ఆ స్మృతి మూడవ అధ్యాయం వడ్డనకు ఒక క్రమం పెట్టింది. కొత్తగా పెళ్లయిన ఆడపిల్లలకు, కన్యలకు, రోగులకు, గర్భిణులకు అతిథులకంటే ముందే నిస్సంకోచంగా పెట్టాలి. తరువాత అతిథులు, బంధువులు, పనివారు. వారందరూ భుజించాక మిగిలినదానిని దంపతులు తినాలి.

దంపతులు అన్న మాటను గమనించండి. భర్త బంధువులతో తొలి పంక్తిలో కూర్చుని, భార్య మూడు గంటలకు చల్లారిన అన్నం తినడం స్మృతి చెప్పిన క్రమం కాదు. ఇద్దరూ కలిసి వడ్డించాలి, ఇద్దరూ కలిసి తినాలి. లక్షలు పోసి వంటిల్లు మార్చినా, అందులో ఒక్కతే నిలబడి నలభై మందికి ఓళిగలు కాలిస్తే ఆ ఇల్లాలికి ఏం పండుగ? కూరలు తరగడానికి కొడుకులు, ఆకులు ఎత్తడానికి అల్లుళ్లు ముందుకు రావాలి. వంటకాల సంఖ్య తగ్గినా తప్పులేదు. పరుపులు చాలకపోతే చాపలు పరవండి. పిల్లలందరూ ఒకేచోట పడుకుని చెప్పుకునే కబుర్లు లాడ్జి గదుల్లో పుట్టవు.

చేతిలో ఉన్న భాగ్యం

మన జిల్లాలోనే ఒక ఉదాహరణ ఉంది. 2020లో గండికోట జలాశయంలో నీటి నిల్వ పెంచినప్పుడు కొండాపురం మండలంలోని తాళ్లప్రొద్దుటూరు వాసులు తరతరాల ఇళ్లు విడిచి పునరావాస కాలనీలకు తరలవలసి వచ్చింది. 26.85 టీఎంసీల సామర్థ్యం గల ఆ జలాశయం ఎందరో రైతులకు ఆధారమే. ఆ నీటికోసం కొందరు తమ గడపలను, తాతలు కూర్చున్న అరుగులను అర్పించారు. పండుగకు వారి పిల్లలు తిరిగి వెళ్లి చూసుకోవడానికి ఆ వీధి లేదు. అటువంటి ఎడబాటు లేని మనం, ఉన్న అరుగును మోజుకోసం మనచేతులతో కూల్చుకోవడం సబబేనా అని ఆలోచించాలి.

కాబట్టి గృహస్థులకు నా మనవి ఇంతే. ఇల్లు బాగు చేసుకోండి, అప్పు లేకుండా చేసుకోండి. కింది అంతస్తులో వెలుతురున్న గదిని తల్లిదండ్రులకు ఇవ్వండి. మూడు అడుగులైనా సరే, వీధివైపు ఒక అరుగు నిలపండి. పాత గడపమాను చెక్కుచెదరక ఉంటే దానినే కొత్త ద్వారానికి అమర్చండి. పంక్తి భోజనానికి సరిపడేంత నడవ ఉంచి, తక్కిన అలంకారాలు తరువాత చూసుకోండి. ఈ సంక్రాంతికి మీ ఇంటి ముందు విడిచిన చెప్పులు అరుగు నిండాలని, ఆ వాస్తోష్పతి మీ ఇంటిల్లిపాదినీ ఆరోగ్యంతో కాపాడాలని ఆశీర్వదిస్తున్నాను.

శుభం భూయాత్.