బంజరను పేరు చాలునా?

మన రెవెన్యూ దస్తరములలో దున్నని నేలకు బంజరనియు, పోరంబోకనియు పేరు వ్రాయుట చిరకాలాచారము. ఈ పేరులు శిస్తు వసూలు చేయువారి దృష్టినుండి పుట్టినవి. శిస్తు రాని భూమి నిష్ప్రయోజనమని నాటి దొరతనమువారు తలంచిరి. కాని రైతు పశువులకును, గొల్లవాని మందకును ఆ నేలయే ఆధారము. 1921లో పల్నాటి ప్రజలు పుల్లరి చెల్లింపమని నిలిచిరి. 1922లో కన్నెగంటి హనుమంతు ఆ పోరాటమునందే తుపాకిగుండ్లకు బలియయ్యెను. మేతబీడు నిరర్థకమైనచో దానికై ప్రాణము లిచ్చు వారుందురా?

ఒక్క యూరి బీటినే చూడుడు. గుట్టమీద మొరపనేల, వాలున ఎఱ్ఱనేల, పల్లమున నల్లరేగడి. కురియు వాన యొక్కటియే. అయినను గుట్టమీదినీరు జారిపోవును, పల్లమున నింకి నిలుచును. కావున మూడుచోట్ల మొలవగల గడ్డియు, పోషింపగల పశుసంఖ్యయు వేరు. మితిమీరిన మేపుచే బోడియైన పల్లమును, స్వభావముచేతనే పలుచనైన గుట్టయు వేసవిలో నొక్కతీరుగనే కానవచ్చును. మొదటిది కొంతకాలము విడిచిపెట్టినచో మరల పచ్చబడును. రెండవదానినుండి అధికము కోరుట అవివేకము. నేల యిప్పు డెట్లున్నదను ప్రశ్న వేరు, ఎట్లుండగలదను ప్రశ్న వేరు. వర్గీకరణము రెండవ ప్రశ్నకు బదులు చెప్పవలయును.

ఇది క్రొత్తమాట కాదు. అమెరికాలో డిక్‌స్టర్‌హ్యూస్ 1949లోనే బీటిస్థితిని దాని సహజశక్తితో పోల్చి నిర్ణయింపవలెనని ప్రతిపాదించెను. మనదేశమున దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ పండితులు 1973లో తృణభూముల నైదు తెగలుగా విభజించిరి. దక్షిణాపథము ప్రధానముగా సెహిమా-డైకాంథియం తెగకు చెందినది. కాని దేశమున కంతటికి నైదు తెగలు గ్రామమునకు దారిచూపజాలవు.

2019లో వెలువడిన బంజరుభూముల అట్లాసు 2015-16 లెక్కలనుబట్టి దేశవిస్తీర్ణములో 16.96 శాతమును బంజరుగా చూపినది. తుప్పనేలలును, క్షీణించిన మేతబీళ్లును అందులోనివే. ఆ పేరు పడిన పిమ్మట ఆ భూమిని పరిశ్రమలకో, సౌరవిద్యుత్తునకో, తోటలకో యిచ్చివేయుట సులభమగును. ఏలయన, కాగితముమీద అచ్చట పోవున దేమియు లేదు!

సర్వేకు వ్యయమగు ననువారు కలరు. పొలమునకు మన్ను జూచి తరము కట్టుటకు వెనుదీయని ప్రభుత్వము బీటికిమాత్రము వెనుదీయుట న్యాయమా? గ్రామసభవారును, మందలు తోలువారును తోడురాగా మన్ను, వాలు, గడ్డి పరీక్షించి, ప్రతి బీటికిని పేరును, పశుపరిమితియు నిర్ణయింపవలయును. అంతవరకు ఏ బీటినైనను బంజరను నెపమున నన్యులకు ధారపోయరాదు.