వీడియో పాటకూ జాతీయ అవార్డు ఇవ్వాలి – పాట నేర్పిన అవ్వకూ పేరు దక్కాలి

(మా గ్రామీణ విలేఖరి)

మన జిల్లాలో కొన్నేళ్లుగా చెరువు కట్టల మీద, పొలం గట్ల మీద ఒక కొత్త సందడి కనబడుతోంది. తెల్లవారేసరికి ఒక వ్యాను వచ్చి ఆగుతుంది. అందులోంచి కెమెరాలు, సౌండు బాక్సులు, లంగా ఓణీల పెట్టెలు దిగుతాయి. పైన తూనీగలాగా డ్రోన్ తిరుగుతుంది. గొర్ల కాపరులు, బడికి పోయే పిల్లలు చుట్టూ మూగుతారు. పొద్దు గూకేసరికి షూటింగు ముగుస్తుంది. పది పదిహేను రోజుల్లో ఆ పాట ప్రతివారి సెల్‌ఫోనులోనూ ప్రత్యక్షమవుతుంది.

ఇది సినిమా కాదు. టిక్కెట్టు లేదు, టాకీసు లేదు. అయినా ఈనాడు పల్లెల్లో పెళ్ళి బరాతులలో సినిమా పాటలతో సమానంగా ఈ వీడియో పాటలే మోగుతున్నాయి. 2021లో మంచిర్యాలలో ఒక పెళ్ళికూతురు ‘బుల్లెట్టు బండి’ పాటకు నాట్యం చేస్తే దేశమంతా చూసింది. ఆ పాట ఏ సినిమాలోదీ కాదు. మోహన భోగరాజు పాడిన వీడియో పాట. అలాగే 2025లో ‘రాను బొంబాయికి రాను’ అన్న పాట మోగని ఊరు లేదంటే అతిశయోక్తి కాదు. అదీ సినిమా పాట కాదు.

పాట వినేదిగా వున్న కాలం పోయి, చూసేదిగా మారింది. ఆ చూపించే పనిలో ఎందరో యువకులు బతుకుతున్నారు. పాట కట్టేవాడు, బాణీ కూర్చేవాడు, పాడేవారు, ఆడేవారు, డాన్సు మాస్టరు, కెమెరా పట్టేవాడు, కంప్యూటరు ముందు రాత్రంతా కూర్చుని ముక్కలు అతికేవాడు – వీరంతా కళాకారులా, కాదా? కళాకారులే అయితే ఈ దేశం వీరిని గుర్తించే మార్గమేది? ఇదీ ఈ విలేఖరి పాఠకుల ముందు వుంచదలచిన ప్రశ్న.

సినిమా గడప దాటని గౌరవం

మన దేశంలో పాటకు జాతీయ గౌరవం లేకపోలేదు. కేంద్ర ప్రభుత్వం 1954 నుంచి జాతీయ చలనచిత్ర అవార్డులు ఇస్తోంది. మొదట్లో పాట రాసినవారికి గానీ, నాట్యం కూర్చినవారికి గానీ విడిగా అవార్డులు లేవు. తరువాత ఒక్కొక్కటే చేర్చారు. ‘అల్లూరి సీతారామరాజు’లో పాటకు శ్రీశ్రీ, ‘మాతృదేవోభవ’లో పాటకు వేటూరి, ‘ఠాగూర్’లో పాటకు సుద్దాల అశోక్ తేజ, ‘కొండపొలం’లో పాటకు చంద్రబోస్ ఈ గౌరవం పొందారు. 2025 ఆగస్టులో ప్రకటించిన అవార్డులలో ‘బలగం’ చిత్రంలోని పల్లెటూరి పాటకు కాసర్ల శ్యామ్ పేరు వచ్చింది. వీరిలో సుద్దాల అశోక్ తేజది సుద్దాల గ్రామం. చంద్రబోస్‌ది చల్లగరిగె గ్రామం. అంటే పల్లెలో పుట్టిన నోటికి ఢిల్లీ దాకా దారి వున్నదన్నమాట.

‘నాటు నాటు’ పాట సంగతి అందరికీ తెలిసిందే. 2023 మార్చిలో ఆ పాటకు ఆస్కారు బహుమతి వచ్చింది. దానిని అందుకున్నవారు సంగీతం కూర్చిన కీరవాణి, పాట రాసిన చంద్రబోస్. అయితే ప్రపంచం ఆ పాటను చెవితో విన్నదానికంటే కంటితో చూసిందే ఎక్కువ. ఉక్రెయిన్ దేశపు కీవ్ నగరంలో రాజభవనం ముందు 2021లో చిత్రీకరించిన ఆ అడుగులు కూర్చినది ప్రేమ్ రక్షిత్. ఆయనకు ఆ చిత్రానికే నృత్య దర్శకత్వంలో మన జాతీయ అవార్డు వచ్చింది. ఏ చేతి పనికి ఆ చేతిని గౌరవించడమంటే ఇదే.

కానీ ఈ దారి సినిమా గడప దగ్గరే ఆగిపోయింది. జాతీయ అవార్డుకు పంపాలంటే ఆ చిత్రానికి ఆ ఏడాది సెన్సారు బోర్డు సర్టిఫికెట్ వుండాలి. చెరువు కట్ట మీద తీసి యూట్యూబులో పెట్టిన పాటకు ఆ సర్టిఫికెట్ వుండదు. కాబట్టి ఆ పాట ఎంత గొప్పదైనా పోటీ గుమ్మం కూడా ఎక్కలేదు. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట 2025లో మొదటిసారి అవార్డులిచ్చింది. పేరు ప్రజా గాయకుడిదే అయినా అవీ ప్రధానంగా సినిమా అవార్డులే.

ఇతర దేశాల మాట చూద్దాం. కెనడాలో జూనో పేరిట సంగీతానికి జాతీయ బహుమతులున్నాయి. అందులో 1984 నుంచి వీడియో పాటకు ప్రత్యేకంగా బహుమతి ఇస్తున్నారు. ఆ దేశ జనాభా నాలుగు కోట్లు. మన దేశంలో 2011 లెక్కల ప్రకారం తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారే ఎనిమిది కోట్ల పైచిలుకు. నాలుగు కోట్లమందికి నలభై ఏళ్ల కిందటే తోచిన పని, ఇన్ని భాషలు, ఇన్ని పాటలు వున్న మన దేశానికి ఇంకా తోచకపోవడం ఏమిటి?

వ్యూస్ లెక్క కళ కాదు

అయితే అవార్డు అంటే ఎవరి పాటను ఎక్కువమంది చూశారో వారికి దండ వేయడం కాదు. ఎక్కువమంది చూసినదానికి యూట్యూబు ఎలాగూ డబ్బులిస్తుంది. సంతలో గారడీవాడి చుట్టూ కూడా జనం మూగుతారు. అవార్డు కమిటీ చూడవలసింది కళను.

ఒక్క ఉదాహరణ చెప్పాలి. ఈ విలేఖరి చూసిన ఒక వీడియోలో ఆడపిల్లలు వరి నాట్లు వేస్తున్నారు. పట్టు లంగాలు, పెదవులకు రంగు – పోనీ, అది పాట అలంకారం అనుకుందాం. కానీ వారు నాట్లు వేస్తూ ముందుకు నడుస్తున్నారు! నాటు వేసేవారు వెనక్కి జరుగుతూ వేస్తారన్నది పల్లెలో అయిదేళ్ల పిల్లకు కూడా తెలుసు. ముందుకు నడిస్తే వేసిన నాటును తామే తొక్కుతారు. ఆ వీడియో చూసి మా ఊరి ఆడవాళ్ళు కడుపుబ్బ నవ్వారు. “ఈళ్ళకు కూలి గాదు, దండుగ ఎయ్యాలె” అన్నది ఒకామె.

అదే జిల్లాలో మరో పాట చూశాము. ఖర్చు పెద్దగా లేదు. ఒక ముసలాయన మంచం నులక అల్లుతుంటాడు. మనుమరాలు నులక ఉండను విప్పి అందిస్తుంటుంది. పాట ముగిసేసరికి మంచం పూర్తవుతుంది. అంతే. కానీ ఆ చేతుల తీరు, ఆ పాట తాళం ఒక్కటైపోయాయి. డ్రోన్ లేదు, విదేశం లేదు. దానిని చూసినవారి సంఖ్య వెయ్యి కూడా దాటలేదు. అటువంటి పాట కోసమే అవార్డు వుండాలి. పెద్ద పాటను జనమే నిలబెడతారు. చిన్న పాటను నిలబెట్టడానికే ప్రభుత్వం కావాలి.

ద్వంద్వార్థాలతో, ఆడవారిని చులకన చేసే మాటలతో వస్తున్న పాటలకు కూడా ఇదే మందు. తిట్టినంత మాత్రాన అవి ఆగవు. మంచిదానికి మర్యాద దొరుకుతుందని తెలిస్తే పది మందిలో నలుగురైనా ఆ దారి పడతారు.

పాట ఎవరిది? పేరు ఎవరిది?

ఇక అసలు విషయానికి వద్దాం.

మా ఊళ్ళో డెబ్బై దాటిన ఒక అవ్వ వున్నది. నాట్ల కాలంలో ఆమె పాట ఎత్తుకుంటే మడిలో వున్న ఇరవై మందీ అందుకుంటారు. చదువు రాదు. వేలిముద్ర. కానీ ఆమె నోట్లో వున్న పాటలు రాస్తే ఒక పుస్తకమవుతుంది. రెండేళ్ల కిందట కొందరు యువకులు వచ్చి, ఆమె చేత ఒక పాట పాడించుకుని ఫోనులో పట్టుకుపోయారు. టీ తాగమని ఆమే ఇరవై రూపాయలిచ్చిందట! మూడు నెలలకు ఆ పాట వీడియోగా వచ్చింది. లక్షలమంది చూశారు. తెర మీద కెమెరా మనిషి పేరున్నది, డ్రోన్ తిప్పినవాడి పేరున్నది, వ్యాను నడిపినవాడి పేరు కూడా వున్నది. సాహిత్యం అన్నచోట మాత్రం ‘జానపదం’ అని వున్నది. అవ్వ పేరు లేదు.

కథ అక్కడితో అయిపోలేదు. కిందటేడు ఆమె మనుమడు, మడిలో అవ్వ పాడుతుండగా ఫోనులో తీసి యూట్యూబులో పెట్టాడు. కొద్ది రోజులకు అతడికి నోటీసు వచ్చింది. ఆ పాట మరొకరి సొత్తు అని! తల్లి దగ్గర నేర్చుకుని అరవై ఏళ్లుగా పాడుతున్న పాట, అవ్వ నోట వస్తే దొంగ పాట అయిపోయింది.

ఈ విలేఖరి అవ్వను అడిగితే ఆమె కోపగించుకోలేదు. “పైసలు నాకెందుకు బిడ్డా! గా పాట మా అమ్మ పాడంగ నేర్చిన. మా అమ్మకు వాళ్ళమ్మ నేర్పింది. పాడుకుంటె పాడుకోనీ. గని ఫలాన ఊరి ఫలాన ముసల్ది చెప్పిందని ఒక్క మాటంటె వాళ్ళ నోటి ముత్యాలు రాలుతయా?” అన్నది.

ఆ యువకులలో ఒకరిని కూడా కలిశాము. అతడూ చెడ్డవాడు కాదు. గొర్లమ్మి కెమెరా కొన్నాడు. “అన్నా, జానపదమంటె అందరిదే గదా? ఒకల పేరేస్తె పక్క ఊరోళ్ళు మాదంటరు. ఎవరిదని ఎయ్యాలె?” అన్నాడు. అతడి మాటలోనూ కొంత న్యాయం వుంది. 2021లో ‘సారంగ దరియా’ సినిమా పాట వచ్చినప్పుడు, ఆ జానపదాన్ని సేకరించి పాడిన గాయని తనకు గుర్తింపు కావాలని కోరగా, పాట ఎవరిదన్న వాదన రోజుల తరబడి పేపర్లకెక్కింది. తరతరాల పాటకు పట్టా రాసి ఒక్కరికివ్వడం కుదరదు.

కానీ సొంతదారు పేరు వేరు, చెప్పినవారి పేరు వేరు. ‘ఫలానా గ్రామంలో ఫలానా అవ్వ పాడగా విన్నది’ అని రాయడానికి ఎవరి పట్టా అక్కరలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాల మీద పరిశోధన చేసిన కాలం నుంచీ ఎందరో ఊళ్ళు తిరిగి పాటలు సేకరించారు. పాట ఎక్కడ, ఎవరి నోట విన్నదీ రాసుకోవడం ఆ పరిశోధనలో వున్న పద్ధతే. పండితులు చేసే పని కెమెరా పట్టిన పిల్లలు చేయలేరా? పైగా మన కాపీరైటు చట్టంలో పాడినవారికి కూడా ‘ప్రదర్శకుల హక్కు’ అని ఒకటి వున్నది. ఆ సంగతి అవ్వకూ తెలియదు, ఆమె పాట పట్టుకుపోయిన పిల్లలకూ తెలియదు.

అవార్డు కడుపు నింపుతుందా?

అవార్డులు కడుపు నింపుతాయా అని కొందరు అడగవచ్చు. అడగవలసిందే. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఒక పెద్ద సినిమా పాటలో ఆయన గొంతు మోగింది. 2024లో ఆయన ఇంటి నిర్మాణం దగ్గర కూలి పనిలో వున్న ఫొటో పేపర్లలో వచ్చి అందరినీ బాధపెట్టింది. శాలువాతో చలి ఆగుతుంది గానీ ఆకలి ఆగదు. అందుకే అవార్డు పెడితే చాలదు, దానిని ఎట్లా పెట్టాలన్నది కూడా ఆలోచించాలి.

ఈ విలేఖరి సూచనలు మూడు. మొదటిది – జాతీయ అవార్డులిచ్చే కేంద్ర సమాచార ప్రసార శాఖ, సినిమాతో సంబంధం లేని వీడియో పాటలకు ప్రతి భాషలోనూ ఒక విభాగం ఏర్పాటు చేయాలి. దానికి సెన్సారు సర్టిఫికెట్ నియమం అడ్డు రాకూడదు. పోటీకి పంపడానికి పల్లె కుర్రవాడు భరించలేని రుసుము పెట్టకూడదు. రెండవది – జానపదమైతే, ఆ పాట ఏ ఊరిలో ఎవరి నోట విన్నదీ తెర మీద చూపని వీడియోను పోటీకి తీసుకోకూడదు. ఈ ఒక్క నియమం పెడితే చాలు, అవార్డు రాని పాటల్లో కూడా పేర్లు వేయడం అలవాటవుతుంది. మూడవది – బహుమతి సొమ్ములో ఒక భాగం పాట చెప్పినవారికి నేరుగా వారి బ్యాంకు ఖాతాలో వేయాలి.

ఇదంతా ఢిల్లీ నుంచి రావలసిన పని. వచ్చేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. ఊరికి పాట కోసం వచ్చినవారిని “అవ్వ పేరు వేస్తారా?” అని ముందే అడగవచ్చు. బడిలోని పంతుళ్ళు పిల్లల చేత తమ నాయనమ్మల పాటలు, పేర్లతో సహా, నోటు పుస్తకంలో రాయించవచ్చు. ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక కలం.

చివరిగా ఒక మాట. ఈ విలేఖరి పోరు పడలేక ఆ యువకుడు, తన వీడియో కింద రాసే చోట అవ్వ పేరు, ఊరి పేరు చేర్చాడు. తెర మీద కాదు, కింద. చిన్న అక్షరాలలో. ఆ సంగతి చెబితే అవ్వ ఫోను చేతిలోకి తీసుకుని “ఏదీ, ఎక్కడున్నది నా పేరు?” అని వేలితో వెతుక్కున్నది. చదువు రాకపోయినా, చూపించినచోట చాలాసేపు చూసింది. వచ్చే నాట్లకు ఆమె మడిలోకి దిగగలదో లేదో తెలియదు. ఆమె పాట మాత్రం వుంటుంది. పాటతోబాటు ఆమె పేరూ వుండేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది, పాట తీసేవారిది, వినే మనందరిదీ.