ఫ్లడ్‌లైట్లు ఎన్ని ఉన్నా బంతి ఎందుకు కనిపించదు?

రాత్రి మ్యాచ్‌లో క్యాచ్ కోసం తల పైకెత్తగానే కళ్లు చెదిరి బంతి మాయమైందా? అదే గ్లేర్. వెలుగు చాలక కాదు, నేరుగా కంట్లో పడటం వల్లే ఈ తిప్పలు.

పాత దీపాలు తీసి ఎల్‌ఈడీలు బిగిస్తే కరెంటు ఆదా అవుతుంది. కానీ స్తంభం పొట్టిదైతే వెలుగు మైదానం మధ్యకు చేరేందుకు లైట్లను పైకి వంచాల్సిందే. గ్లేర్ అక్కడే మొదలవుతుంది. మైదానం మధ్య నుంచి చూస్తే లైట్లు కనీసం 25 డిగ్రీల ఎత్తులో ఉండాలన్నది ఫుట్‌బాల్ స్టేడియాల లెక్క. అంటే 60 మీటర్ల దూరంలోని స్తంభం దాదాపు 28 మీటర్లుండాలి.

అంతర్జాతీయ లైటింగ్ సంస్థ సీఐఈ ప్రకారం పోటీలు జరిగే క్రీడా మైదానాల్లో గ్లేర్ రేటింగ్ 50 దాటకూడదు. మీ వార్డు గ్రౌండ్‌కు కొత్త లైట్లు వస్తున్నాయా? ఎన్ని వాట్లని కాదు, ఈ రేటింగ్ ఎంత, లైట్లకు షీల్డులు పెడుతున్నారా అని అడగండి. పక్కింటి పడకగదిలోకి వెలుగు పోకుండా ఆపేదీ ఆ షీల్డులే.