రాజుల కథలు సరే, మన తాతల కథలో?

ఈ సెలవుల్లో రామతీర్థంలో మేం చదివిన మూడు నవలల గురించి ఉన్నదున్నట్టు రాస్తన్నాం.

అడివి బాపిరాజు ‘హిమబిందు’ శాతవాహనుల కాలం నాటి కథ. గురుభక్తులకొండ మీద బౌద్ధ శిథిలాలు చూసే మాకు ఆ కాలం దగ్గరగానే అనిపించింది. విషకన్య కథ బాగుంది, వర్ణనలే మరీ ఎక్కువ.

యండమూరి ‘తులసిదళం’ ఆపకుండా చదివిస్తాది, నిజమే. కానీ చిల్లంగి అనుమానంతో మనోళ్లని కొట్టి చంపిన ఊళ్లున్నాయి. చేతబడి మనకి కాలక్షేపం ఎలా అవుద్ది?

సాహు, అల్లం రాజయ్యల ‘కొమురం భీం’ వేరు. 1940లో జోడేఘాట్‌లో భీం దేనికోసం ప్రాణమిచ్చాడో అందులో ఉంది: పోడు భూమి, పశువుల మేత, అడవి. చదువుతుంటే మనూరే కనపడింది.

సవర, జాతాపు తాతల దగ్గర ఇలాంటివి ఎన్నో ఉన్నాయి. ఈసారి ఊరెళ్తే ఫోన్‌లో రికార్డు చేసి తెండి, కూర్చుని రాద్దాం.