శివాజీ పార్కులో కంపెవరిది?

మొన్న డిసెంబర్ 6న మేము పదిమందిమి బొంబాయి పోయాం. ఇద్దరం టీచర్లం, మిగతావాళ్లు మా వాడలో కూలినాలి చేసుకునేవాళ్లు. దాదర్ స్టేషన్లో దిగి ఆ జనసముద్రంలో శివాజీ పార్కుకు నడిచాం. 1956 డిసెంబర్ 6న ఢిల్లీలో కన్నుమూసిన బాబాసాహెబ్‌కు మర్నాడు అంత్యక్రియలు జరిగింది ఈ పార్కుకు దగ్గర్లోని సముద్రపొడ్డునే. అదే చైత్యభూమి. ఏటా ఆ రోజుకు లక్షలాదిమంది వచ్చి ఈ మైదానంలోనే తిని, ఇక్కడే పడుకుంటారు.

పార్కు మూలమీద ఒక పెద్దమనిషి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకొని, పక్కనున్నామెతో ఇంగ్లీషులో ఏదో అన్నాడు. "ఏమంటుండు సారూ?" అని మా అవ్వ అడిగింది. మాకు నోరు పెగల్లేదు. మనమొస్తే ఈ చోటు కంపు కొడుతుందన్నాడు అవ్వా! అప్పుడు మింగిన జవాబు ఇప్పుడు చెబుతున్నాం.

1925లో తెరిచిన ఈ పార్కుకు శివాజీ పేరు పెట్టింది 1927లో. అదే ఏడు మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ వేలాదిమందితో చవదార్ చెరువు నీళ్లు తాగాడు. అందరికీ హక్కుందని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. కాగితం మీది హక్కు నోటికి అందాలంటే తలలు పగలాల్సి వచ్చింది. ఆ తర్వాత పేడ, ఆవు మూత్రం పోసి చెరువును "శుద్ధి" చేశారు. ఆనాటి పేడే ఈనాటి రుమాలు. అంతే తేడా!

2019లో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం ఈ మైదానంలోనే జరిగింది. దసరా సభలు ఇక్కడే జరిగాయి. అప్పుడెవరి ముక్కులూ అదరలేదే? పుష్కరాలకు లక్షలమంది నదిలో మునిగితే భక్తి, మేము ఒక రాత్రి నేలమీద పడుకుంటే మురికా? పుష్కరాలకు పోయినోళ్లు చెంబుతో నీళ్లు తెచ్చుకుంటారు. ఇక్కడికొచ్చినోళ్లు సంచుల్లో పుస్తకాలు మోసుకుపోతారు. అక్షరం రాని మా అవ్వ మనవడి కోసం బాబాసాహెబ్ జీవిత చరిత్ర బేరమాడి కొన్నది. ఇది కంపా?

ఆ నగరం రోడ్లు ఊడ్చేది, మోరీల్లో దిగేది ఎక్కువమంది మన కులాలోళ్లే. 7వ తేదీ పొద్దున ఆ మైదానం ఊడ్చేదీ వాళ్లే. తెలంగాణ నుంచి వలసపోయి బొంబాయి కట్టడాలకు రాళ్లెత్తిన కామాఠీల పేరుమీదే కామాఠీపురా ఉంది. కట్టినోడు, ఊడ్చినోడు మురికోడు. రుమాలు పట్టుకున్నోడు శుభ్రుడు!

ఒక మాట మనవాళ్లకూ చెప్పాలి. నౌకర్లొచ్చిన మనలో కొందరు లాడ్జీల్లో దిగి, ఫోటో దిగి వచ్చేస్తున్నారు. ఆ నేలమీద మనవాళ్ల పక్కన కూర్చోవడానికి మనక్కూడా రుమాలు కావాలా? వచ్చే డిసెంబర్‌కు పోదాం. వాడకొక్కరినైనా చదువురాని వాళ్లను వెంట తీసుకుపోదాం. తెచ్చిన పుస్తకం వాళ్లకు చదివి వినిపిద్దాం.

అవ్వా, ఈసారి వాడేమన్నా అంటే నోరు మూసుకోం.

జై భీమ్!