మరక ఎవరి ఒంటికి?

'బూగీ నైట్స్' అనే అమెరికా సినిమా చూసినోళ్లు "పేరొచ్చింది, కొకైన్ మరిగారు, చెడిపోయారు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మేం ఒప్పుకోం. 1997లో పాల్ థామస్ ఆండర్సన్ తీశాడు దీన్ని. లాస్ ఏంజిలిస్ దగ్గర శాన్ ఫెర్నాండో లోయలో 1970ల చివర నడిచిన బూతు సినిమాల వ్యాపారం కథ. క్లబ్బులో గిన్నెలు కడిగే ఎడ్డీ, డర్క్ డిగ్లర్ అనే తార అవుతాడు. కారు, ఇల్లు, మత్తు. అందరూ వాడి గురించే మాట్లాడతారు.

మేం బక్ స్వోప్ గురించి అడుగుతున్నాం. నల్లవాడు. పెళ్లాం కడుపుతో ఉంది, ఈ పని మానేసి స్టీరియో షాపు పెట్టుకుందామని బ్యాంకుకు పోతాడు. బూతు సినిమాలోడివి, అప్పియ్యం పొమ్మంటారు. నేను నటుణ్ణి బాబూ అన్నా వినరు. మన ఊళ్లల్లో బ్యాంకు గుమ్మం తొక్కి ఉత్తచేతుల్తో తిరిగొచ్చినోళ్లకి ఈ సీను విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ సినిమాలకు టిక్కెట్లు కొన్నోళ్ల డిపాజిట్లు మాత్రం బ్యాంకుకు ముద్దేనా? ఒళ్లు చూపినోడికి మరక, చూసినోడికి మర్యాదా? అంబర్ అనే నటి కన్నకొడుకు కోసం కోర్టుకెక్కి ఓడిపోతుంది. వీళ్లందరితో సినిమాలు తీసిన జాక్ హార్నర్ ఇల్లు మాత్రం చెక్కుచెదరదు.

చివరికి బక్ షాపు పెట్టాడు. ఎట్లా? డోనట్ల కొట్టులో దోపిడీ జరిగి ముగ్గురు చచ్చిపడితే, నెత్తురంటిన డబ్బు సంచి ఎత్తుకొచ్చి. తప్పే, కాదనం. దస్తావేజులు పట్టుకుని తిన్నగా పోయిననాడు వెళ్లగొట్టిందెవరు?

ఇంత కథున్న మనిషికి సినిమాలో దక్కింది పక్కపాత్రే.