తోడొచ్చిన మనిషికి చీటీ ఏది?

ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీ వరండాలో కొడుకు ఫైలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న తల్లిని చూడండి. స్కిజోఫ్రెనియా మాత్రలు ఏ పూటకేవో, వాడు ఏ రాత్రి నిద్రపోలేదో తడుముకోకుండా చెబుతుంది. తను కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్లయిందో చెప్పదు, అడిగేవాళ్లూ లేరు. ఊరికే కన్నీళ్లు రావడం, తిండి సయించకపోవడం, దేనిమీదా మనసు లేకపోవడం రెండు వారాలు దాటితే డిప్రెషన్ కావచ్చు. మనమేమో ‘అమ్మ కదా, ఓర్చుకుంటుంది’ అనేస్తాం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో సంరక్షకులకు నిర్వచనం ఉంది. కానీ వాళ్ల దిగులుకు మన ఓపీల్లో చోటు లేదు. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఆ తల్లి తనకోసమూ ఫోన్ చేయొచ్చని చెప్పాలి. రోగికి మందులు రాశాక డాక్టరు ‘మీరెలా ఉన్నారమ్మా?’ అని అడగాలి. ఆమె మంచాన పడితే ఆ ఇంట్లో రోగులు ఇద్దరవుతారు, చూసే దిక్కుండదు.